సముద్రం పక్కన పెరిగితే నది వచ్చేసినట్టు కాదు: పిల్లలతో రివర్ ట్యూబింగ్‌కి వెళ్లే వైజాగ్ వాళ్ల కోసం

మా ఆయనది పెదవాల్తేరు. ఊహ తెలిసినప్పటి నుంచీ అలల్లోనే ఆడుకున్నానని, నీళ్ల గురించి తనకెవరూ కొత్తగా చెప్పక్కర్లేదని ఆయనకి గట్టి నమ్మకం. కిందటి సంక్రాంతి సెలవుల్లో కర్ణాటకలో దాండేలి దగ్గర కాళీ నదిలో ట్యూబ్ ఎక్కిన కాసేపటికే, మోకాలి లోతు నీళ్లలో "నిలబడి చూస్తా ఉండు" అని దిగబోయి పడ్డారు. ఆ నమ్మకం ఎడమ కాలి చెప్పుతో సహా కొట్టుకుపోయింది. పక్కనే గైడ్ ఉన్నాడు కాబట్టి మనిషిని పట్టుకున్నాడు, చెప్పు మాత్రం దొరకలేదు.

ఇది రాయడానికి కారణం అదే. మన ఊళ్లో సగం మందికి ఇదే ధైర్యం ఉంటుంది. సముద్రంలో అల వచ్చి కొడుతుంది, వెనక్కి పోతుంది, ఆ మధ్యలో లేచి ముక్కు తుడుచుకోడానికి మనకి ఒక్క క్షణం దొరుకుతుంది. నది ఆ క్షణం ఇవ్వదు. ఒకే వైపు, ఆగకుండా తోస్తూనే ఉంటుంది. నీటి వడి రెట్టింపైతే మన కాళ్ల మీద పడే తోపు నాలుగింతలు అవుతుంది, అందుకే మోకాలి లోతే కదా అనుకున్న చోట బలమైన మగాళ్లు కూడా పడిపోతారు. అలాగని సముద్రం మంచిదని చెప్పడం లేదు, ఆర్కే బీచ్‌లో లోపలికి లాగే నీళ్ల సంగతి మనకి తెలియంది కాదు. అక్కడ నేర్చుకున్నది ఇక్కడ పనికిరాదు, అంతే చెప్తున్నా.

ట్యూబింగ్ అంటే పెద్ద రహస్యమేమీ లేదు. మన పల్లెల్లో నూతుల్లో, చెరువుల్లో లారీ ట్యూబు వేసుకుని ఈత నేర్చుకున్న తరం ఇంకా ఉంది, ఆ ట్యూబుకే కాస్త మర్యాద చేసి, గట్టి కవరు తొడిగి, పట్టుకోడానికి హ్యాండిళ్లు పెట్టి, అడుగున కూర్చోడానికి పట్టా కుట్టి నదిలోకి వదులుతారు. రాఫ్టింగ్‌లో ఆరేడుగురు ఒకే పడవలో ఉంటారు, తెడ్లుంటాయి, గైడ్ మన పడవలోనే కూర్చుంటాడు. ట్యూబింగ్‌లో ఎవరి ట్యూబు వాళ్లది. అంటే మీ పదేళ్ల పిల్ల ఆ కాసేపు ఒంటరిగా తన బండి తానే నడుపుతుందన్నమాట. చూడ్డానికి రాఫ్టింగ్ కంటే ఇది పిల్లల ఆటలా ఉంటుంది, నా లెక్కలో మాత్రం ఒకే రకం ర్యాపిడ్స్‌లో (అంటే బండల మధ్య నీళ్లు ఉరుకుతూ పోయే చోట్లలో) ట్యూబే ఎక్కువ జాగ్రత్త అడుగుతుంది.

నదుల ఉధృతిని ప్రపంచమంతా 1 నుంచి 6 దాకా గ్రేడుల్లో కొలుస్తారు. 1 అంటే నీళ్లు కదులుతున్నాయి, చిన్న చిన్న అలలు. 2 అంటే దారి స్పష్టంగా కనిపించే వెడల్పాటి ర్యాపిడ్స్. 3కి వచ్చేసరికి అలలు అడ్డదిడ్డంగా ఉంటాయి, బండల మధ్య తప్పించుకుంటూ వెళ్లాలి. 6 మన జోలికి రాదు, మనం దాని జోలికి పోం. పిల్లలతో ట్యూబింగ్ అయితే 1, 2 దగ్గర ఆగిపోండి. బుకింగ్ వాళ్లు "కొంచెం థ్రిల్ ఉంటుంది మేడమ్" అంటే ఆ కొంచెం ఏ గ్రేడో అడగండి, ఎందుకంటే ఒకే నది నీళ్లు పెరిగిన రోజు 2 నుంచి 3కి ఎక్కేస్తుంది.

ఎక్కడికి వెళ్లాలి అంటే, ముందు ఎక్కడికి వెళ్లకూడదో చెప్తా. గాజువాకలో ట్యూబు గాలి నింపించుకుని కారు డిక్కీలో వేసుకుని అరకు రోడ్డెక్కే ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోండి. డుంబ్రిగుడ దగ్గర చాపరాయి నున్నటి బండ మీద నీళ్లు జారుతుంటే ఎంత ముద్దుగా ఉంటుందో, ఆ పాకుడు మీద కాలు జారితే అంత మోసం. బొర్రా గుహల దగ్గర గోస్తనిని కిందికి చూస్తే ట్యూబు వేసుకుని భీమిలి దాకా పోవచ్చనిపిస్తుంది, నిజంగానే ఆ నది అనంతగిరి కొండల్లో పుట్టి, తాటిపూడి రిజర్వాయరు మీదుగా వచ్చి భీమిలి దగ్గరే సముద్రంలో కలుస్తుంది. కానీ మధ్యలో ఏ బండ ఎక్కడుందో, ఏ చెట్టు అడ్డం పడిందో చెప్పే మనిషి లేడు, పడితే తాడు విసిరేవాడు లేడు. మన వైపు గెడ్డల (కొండవాగుల) సంగతి కూడా తెలుసుగా, మన నెత్తిన ఎండ కాస్తుండగానే పైన కొండల్లో పడిన వాన నీళ్లు వచ్చేస్తాయి. తేటగా ఉన్న నీరు ఉన్నట్టుండి మట్టిరంగు తిరిగినా, ఆకులూ పుల్లలూ తేలుతూ వస్తున్నా, చప్పుడు మారినా, ఫొటో సగంలో ఉన్నా సరే పైకి వచ్చేయాలి.

కాబట్టి గైడ్లు, సరంజామా, పాత అలవాటు ఉన్న నదికి వెళ్లాలి. మేం కాళీ నదిని ఎంచుకున్నది సెలవులకి కుదిరింది కాబట్టి, మా పిల్లల వయసుకి రిషికేశ్ దగ్గర గంగ ఉధృతి మరీ ఎక్కువ కాబట్టి. ఉత్తర కన్నడ జిల్లాలో పుట్టి కార్వార్ దగ్గర అరేబియా సముద్రంలో కలిసే నది ఇది. గణేశ్‌గుడి దగ్గర దీని మీద సూపా డ్యామ్ ఉంది, కరెంటు కోసం అక్కడ వదిలే నీళ్లని బట్టే కింద ఆటలన్నీ నడుస్తాయి. ప్రయాణం కొంచెం పెద్దదే. వాస్కో వెళ్లే అమరావతి ఎక్స్‌ప్రెస్ మన వైపు నుంచే హుబ్బళ్లి మీదుగా పోతుంది, వారంలో కొన్ని రోజులే, అందుకని సంక్రాంతికి టికెట్లు రెండు నెలల ముందే చూసుకోవాలి. హుబ్బళ్లిలో దిగితే దాండేలికి రోడ్డు మీద సుమారు 75 కిలోమీటర్లు. వానాకాలంలో ఈ ఆటలు సాధారణంగా ఆపేస్తారు. ఆపకుండా ఎవరైనా రమ్మంటే అది ఆఫర్ కాదు, ప్రమాదం.

డ్యామ్ కింద నది అనగానే ఒక విషయం గుర్తు పెట్టుకోవాలి. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నదిలో లార్జి డ్యామ్ నుంచి ఒక్కసారిగా నీళ్లు వదిలితే, హైదరాబాద్ నుంచి టూర్‌కి వెళ్లిన ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. వాళ్లు ఈతకి దిగలేదు, బండల మీద నిలబడి ఫొటోలు తీసుకుంటున్నారు. అందుకే నేను ఫోన్లో అడిగిన మొదటి ప్రశ్న రేటు గురించి కాదు, ఈ రోజు నీళ్లు ఎన్నింటికి వదులుతారు, ఆ సమాచారం మీకు ఎవరు చెప్తారు అని. దానికి తడుముకోకుండా జవాబిచ్చిన వాళ్లతోనే వెళ్లాం. అంతకు ముందు మాట్లాడిన ఒకాయన "అవన్నీ మేం చూసుకుంటాం, మీరు అడ్వాన్స్ వేసేయండి" అన్నాడు, ఆ నంబరు అక్కడే డిలీట్ చేశా.

ఇంకా ఏం అడగాలంటే, ఎంత మందికి ఒక గైడ్, అందరికంటే ముందు ఒకరు, అందరికంటే వెనక ఒకరు ఉంటారా, పిల్లల సైజు జాకెట్లు, హెల్మెట్లు నిజంగా ఉన్నాయా (ఫొటో పంపమనండి, మొహమాటం వద్దు), నీళ్లలో పడినవాళ్లకి విసిరే తాడు సంచి గైడ్ నడుముకి ఉంటుందా లేక జీపులో ఉంటుందా, మధ్యలో ఎవరైనా భయపడితే ఒడ్డెక్కి బయటకి వచ్చే దారి ఉందా, చివర్లో బండి మన కోసం ఎదురు చూస్తుందా. వయసు గురించి అడిగేటప్పుడు "పదేళ్ల పిల్ల రావచ్చా" అని అడక్కండి, దానికి అందరూ రావచ్చనే అంటారు. "కనీసం ఎంత వయసు, ఎంత బరువు ఉండాలి" అని అడిగి, వాళ్లు చెప్పాక మీ పిల్ల వయసు చెప్పండి. మా బుడ్డోడికి ఆరేళ్లు, వాళ్లే వద్దన్నారు, వాడిని ఒళ్లో కూర్చోబెట్టుకుంటామని మా ఆయన బేరమాడబోతే నేనే ఫోన్ లాక్కున్నా. ఒక ట్యూబు మీద ఒక్కరే. ఒళ్లో పిల్లాడుంటే మన రెండు చేతులూ వాడికే పోతాయి, బోల్తా పడితే మన బరువు వాడి మీదే పడుతుంది. వాడికి కింద మడుగులా నిలిచిన నీళ్లలో, తాడు కట్టిన ట్యూబులో అరగంట తిప్పారు. ఇప్పటికీ తనే అందరికంటే ఎక్కువ సాహసం చేశానని స్కూల్లో చెప్పుకుంటున్నాడు.

బయల్దేరే ముందు వైజాగ్‌లోనే ఒక పని చేయండి. బీచ్ రోడ్డులో ఆక్వా స్పోర్ట్స్ కాంప్లెక్స్ ఉంది, లేదా మీ దగ్గర్లో ఉన్న ఏ స్విమ్మింగ్ పూల్ అయినా సరే, పిల్లల్ని రెండు మూడు సార్లు తీసుకెళ్లండి. ఈత రావడం ఒక్కటే కాదు నేను చెప్పేది. జాకెట్ వేసుకుని వెనక్కి పడి, వెల్లకిలా తేలుతూ, పాదాలు నీటి పైకి పెట్టి ఒక నిమిషం ఉండగలగాలి. మొహం మీద నీళ్లు పడితే కెవ్వుమనకుండా నోరు మూసి ముక్కుతో ఊపిరి వదలడం రావాలి. మా పెద్దదానికి ఈత బాగా వచ్చు కానీ వెల్లకిలా తేలమంటే నడుము కిందికి వేలాడేసేది, నాలుగు రోజులు అదే పని.

బట్టల దగ్గరికి వద్దాం. ఆడవాళ్లు చున్నీ, వదులు కుర్తీ, పట్టీలు, గాజులు హోటల్ గదిలోనే వదిలేయండి. మంగళసూత్రం, నల్లపూసలు తీయడానికి మనసొప్పకపోతే కనీసం జాకెట్ లోపలికి, బిగుతుగా ఉన్న టీషర్ట్ లోపలికి వేసుకోండి, పైన వేలాడకూడదు, కొమ్మకి తగులుకుంటే మెడకే బిగుసుకుంటుంది. మా అత్తయ్య వింటే ఏమంటారో అని భయపడ్డా గానీ ఆవిడే "తీసి నాకియ్యి, నేను వేసుకుని కూర్చుంటా" అన్నారు. జీన్స్ వద్దు, తడిస్తే బరువు, ఆరవు, తొడలు ఒరుసుకుపోతాయి. కాలికి వెనక పట్టీ ఉన్న శాండల్స్ గానీ పాత కాన్వాస్ బూట్లు గానీ, రబ్బరు చెప్పులు మాత్రం ససేమిరా వద్దు (మా ఆయన్ని అడగండి). కళ్లజోడుకి వెనక తాడు కట్టండి.

లైఫ్ జాకెట్ వేసుకోవడం అందరూ వేసుకుంటారు, సరిగ్గా వేసుకునేది తక్కువ. బకిల్స్ అన్నీ పెట్టాక ఇంకొకరిని వెనక నుంచి భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగమనండి. జాకెట్ చెవుల దాకా లేచిందంటే నీళ్లలోనూ అలాగే లేస్తుంది, మనిషి కిందికి జారతాడు. పిల్లలకి కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ ఉన్నది అడగండి. ఎండగా ఉందనీ, ఫొటోలో బాగోదనీ నీళ్ల పక్కన ఉన్నంతసేపూ బకిల్ వదులు చేయొద్దు. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో టూరిస్టు బోటు మునిగిన రోజు టీవీ ముందు కూర్చున్నవాళ్లెవరికీ జాకెట్ గురించి నేను వేరే చెప్పక్కర్లేదు. హెల్మెట్ కూడా అంతే, గడ్డం కింద రెండు వేళ్లు దూరేంత వదులు చాలు.

ట్యూబుని కూడా ఒకసారి చూసుకోండి. గాలి నింపే వాల్వు బయటికి పొడుచుకొచ్చి ఉంటే వీపు గీరుకుపోతుంది, దానికి టేపు వేయమనండి. ఎండలో ఉన్న ట్యూబు గట్టిగా కనిపిస్తుంది, చల్లటి నీళ్లలో పడగానే కాస్త మెత్తబడుతుంది, అందుకని నీళ్లలో పెట్టాక మళ్లీ నొక్కి చూడాలి. డ్యామ్ నుంచి వచ్చే నీళ్లు జనవరిలో మనం అనుకున్నదాని కంటే బాగా చల్లగా ఉన్నాయి, దిగగానే ఊపిరి పట్టేసినట్టవుతుంది, పిల్లలకి ముందే చెప్పి ఉంచండి, అరవొద్దని కాదు, అరిచాక ఊపిరి పీల్చమని.

ఇప్పుడు అసలు సంగతి. ట్యూబులో కాళ్లు ప్రవాహం వెళ్లే వైపు ఉంచి, మోకాళ్లు కాస్త మడిచి కూర్చోవాలి. బండ ఎదురొస్తే పాదాలతో నెట్టుకోడానికి ఆ మడత ఉపయోగపడుతుంది, కాళ్లు బిర్రుగా చాపితే దెబ్బ నేరుగా నడుముకి తగులుతుంది. లోతు తక్కువున్న చోట గైడ్ కేకేస్తాడు, అప్పుడు హ్యాండిళ్లు పట్టుకుని పిర్రలు పైకెత్తాలి. ఎత్తకపోతే ఏమవుతుందో ఒక్కసారిలో అర్థమవుతుంది, రెండోసారి చెప్పించుకోరు. ట్యూబు పక్కకి తిరిగి బండకి ఆనుకుంటే మన మనసు బండకి దూరంగా వాలమంటుంది. దానికి సరిగ్గా ఉల్టా చేయాలి, బండ వైపే వాలి దాన్ని కౌగిలించుకున్నట్టు నెట్టాలి. దూరంగా వాలితే పై నుంచి వచ్చే నీళ్లు ట్యూబు అంచు ఎక్కి బోల్తా కొట్టిస్తాయి.

పడిపోయారనుకోండి. పడతారు, అదేం తప్పు కాదు. ట్యూబు చేతిలో ఉంటే పట్టుకోండి, జారిపోతే వదిలేయండి, దాని వెనక ఈదొద్దు. వెంటనే వెల్లకిలా తిరిగి, పాదాలు ముందుకి, కాలివేళ్లు నీటి పైన కనిపించేలా పెట్టాలి. మా ఆయన చేసిన తప్పు ఇక్కడే, నీళ్లు లోతు లేవు కదా అని లేచి నిలబడబోయారు. అడుగున రెండు రాళ్ల సందులో పాదం ఇరుక్కుంటే వెనక నుంచి నీళ్లు మనిషిని ముందుకి వంచేస్తాయి, ఇక తల పైకి ఎత్తనివ్వవు. అందుకే పిర్ర నేలకి రాసుకునేంత నిదానపు నీళ్లు వచ్చేదాకా నిలబడకూడదు. గైడ్ తాడు విసిరితే సంచిని కాదు, తాడుని పట్టుకుని, ఛాతీకి ఆనించి, వెల్లకిలాగానే ఉండండి. చేతికి చుట్టుకోవద్దు, ఇది పిల్లలకి పదిసార్లు చెప్పాలి, గాలిపటం దారంలా చుట్టేసుకునే అలవాటు వాళ్లది.

రెండు చోట్ల మాత్రం ఆట లేదు. నీళ్లలో అడ్డంగా పడిన చెట్టు, దాని కొమ్మల్లోంచి నీళ్లు పోతాయి, మనిషి పోడు. దూరం నుంచే చేతులతో పక్కకి తెడ్డేసుకోవాలి, తప్పించుకోలేకపోతే మాత్రం ఇప్పటిదాకా చెప్పిందంతా మర్చిపోయి బోర్లా తిరిగి, తల ముందుకి పెట్టి ఈదుతూ వెళ్లి దాని మీదికి ఎక్కేయాలి. రెండోది చిన్న ఆనకట్టలు, చెక్ డ్యాములు. రెండడుగుల నుంచే కదా దూకేది అనిపిస్తుంది కానీ కింద నీళ్లు వెనక్కి తిరుగుతూ పడినవాణ్ణి అక్కడే తిప్పుతుంటాయి. మంచి గైడ్ ఉన్న నదిలో ఇవి రాకుండా దారి ఎంచుతారు, మన ఊరి గెడ్డలకి ట్యూబులు వేసుకుపోవద్దని నేను మొత్తుకునేది అందుకే.

ట్యూబులన్నీ తాళ్లతో కట్టేసి రైలు బండిలా వెళ్దామని పిల్లలు గొడవ చేస్తారు. నిదానపు నీళ్లలో చేతులు పట్టుకుని తేలండి, ర్యాపిడ్ ముందు విడిపోవాలి, తాడు బండకి అటొకరు ఇటొకరుగా చిక్కుకుంటే విడదీయడం గైడ్ వల్ల కూడా కాదు. మా వరస ఇలా పెట్టారు: ముందు గైడ్, తర్వాత నేను, తర్వాత పెద్దది, దాని వెనక మా ఆయన, చివర్లో ఇంకో గైడ్. ప్రతి ర్యాపిడ్ దాటాక పెద్ద బండ వెనక నీళ్లు ఆగినట్టుండే చోట గైడ్ అందరినీ చేర్చి లెక్కపెట్టేవాడు. పెద్దవాళ్లలో ఒకరు మీరూ లెక్కపెట్టండి.

భాష సంగతి ఒకటి ఎవరూ చెప్పరు. అక్కడ గైడ్లు కన్నడంలో, హిందీలో, కాస్త ఇంగ్లిష్‌లో అరుస్తారు, నీళ్ల హోరులో అదీ సగమే వినపడుతుంది. మొదటి ర్యాపిడ్‌లో గైడ్ హిందీలో "పేర్ ఊపర్! పేర్ ఊపర్!" (కాళ్లు పైకి) అని అరుస్తుంటే మా అమ్మాయి తన పేరు, ఇంటిపేరుతో సహా, గొంతు చించుకుని చెప్పింది. కాళ్లు మాత్రం కిందే ఉన్నాయి. కాబట్టి బయల్దేరే ముందే ఒడ్డున నిలబెట్టి, కాళ్లు పైకి, ఆగు, ఎడమ, కుడి, పట్టుకో, ఈ ఐదు మాటలు గైడ్ ఎలా అంటాడో, చేత్తో ఎలా చూపిస్తాడో అతని చేతే చేయించి చూపించండి. విజిల్ ఒకసారి ఊదితే అతని వైపు చూడాలి, మూడుసార్లు అంటే ఎవరో ప్రమాదంలో ఉన్నారని.

గర్భిణులు, గుండె జబ్బు ఉన్నవాళ్లు, ఫిట్స్ వచ్చేవాళ్లు, ఈ మధ్య ఆపరేషన్ అయినవాళ్లు, ఒకసారి భుజం జారినవాళ్లు ఒడ్డునే ఉండండి, టెన్షన్ పడుతూ దాచుకుని ఎక్కొద్దు. ఆస్తమా ఉంటే ఇన్‌హేలర్‌ని గైడ్ దగ్గరుండే నీళ్లు దూరని సంచిలో పెట్టించండి. మందు సంగతి మగాళ్లకి వేరే చెప్పాలా, ముందు రోజు రాత్రిది కూడా లెక్కే. పొద్దున్నే ఇడ్లీయో ఉప్మాయో తిని రెండు గంటలు ఆగి దిగండి, అన్నం కూర పెట్టేసి దింపితే పిల్లలు మొదటి సుడిలోనే కక్కేస్తారు.

అత్తయ్యా బుడ్డోడూ మేం ఒడ్డెక్కే చోటే, జీపు దగ్గర కూర్చున్నారు. పెద్దవాళ్లని తీసుకెళ్తే మొదలయ్యే చోట వదలొద్దు, మనం కనిపించకుండా పోయాక ఆ గంటన్నర వాళ్లకి నరకం. చివరి చోట నీడ ఉందో లేదో ముందే కనుక్కుని, మడత కుర్చీ, ఫ్లాస్కులో కాఫీ, పొడి తువ్వాళ్లు వాళ్ల దగ్గరే పెట్టండి. అందరికీ ఒక జత పొడి బట్టలు, విడివిడి కవర్లలో, పేర్లు రాసి, లేకపోతే వణికే చేతులతో వెతుక్కోవడం ఉంటుంది. మేం ఒడ్డెక్కేసరికి అత్తయ్య పులిహోర డబ్బా తెరిచి పెట్టారు, గైడ్లిద్దరికీ ఆకుల్లో పెట్టిచ్చారు, వాళ్లు మళ్లీ అడిగి పెట్టించుకున్నారు. తడి బట్టలు మాత్రం గట్టిగా పిండి, రెండు కవర్లలో కట్టి పెట్టుకోండి. మేం ఒక్క కవర్లో పెట్టాం, హుబ్బళ్లి నుంచి వైజాగ్ దాకా బెర్తు కింద ఆ నది వాసన మాతోనే వచ్చింది.